చెంపకు ఆనించిన గుండిగ

మొన్న మా కోడలు కొత్త ఫ్రిజ్ కొన్నది. మనిషంత ఎత్తు, రెండు తలుపులు. తలుపు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే చాలు, కుయ్ కుయ్ మని మొత్తుకుంటుంది. ఆ మొత్తుకోలు వినగానే ఇంట్లో అందరూ విసుక్కుంటారు గాని, నాకు మాత్రం ఎవరో పాత మనిషి పిలిచినట్టు ఉంటుంది. ఆ సాయంత్రం సేమ్యా పాయసం గిన్నెను లోపల పెట్టబోతూ, అలవాటు కొద్దీ ముందు దాన్ని చెంపకు ఆనించాను. మనవరాలు చూసి పడీ పడీ నవ్వింది. "తాతా, గిన్నెకు ముద్దు పెడుతున్నవా?" అంది. "లేదు బిడ్డా, జ్వరం ఉన్నదేమో చూస్తున్న" అన్నాను. "ఉంటే?" "ఉంటే ఇంకాసేపు బయట కూర్చోవాలె. అదీ, నేనూ." ముసలివాడి వేళాకోళం అనుకుని అది ఆటకు పోయింది. నేను నిజంగానే గిన్నె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, అంటే అరవైల చివర్లో, లాల్‌దర్వాజాలో మా బావకు ఒక భోజన హోటల్ ఉండేది. గుడి వైపు పోయే గల్లీలో, నీలం సున్నం వేసిన గోడలు, ఆరు బల్లలు, వెనక పెద్ద వంటిల్లు. నేను అప్పటికి ఒక కచేరీలో గుమాస్తాగా చేరి, రెండు నెలలు కూడా కుదురుగా కూర్చోలేక వచ్చేసిన ఘనుణ్ని. అక్క మొహం చూసి బావ నాకు ఒక పని కల్పించాడు. వంటింటి మీద అజమాయిషీ! నిజానికి ఆ వంటింటికి ఏ అజమాయిషీ అక్కర్లేదు. అక్కడ బాపు ఉండేవాడు.

బాపు అంటే మాలో ఎవరికీ తండ్రి కాదు. హోటల్లో బావ మొదలుకొని అంట్లు తోమే ఆమె దాకా అందరూ ఆ వంటాయనను అట్లాగే పిలిచేవాళ్లం. అరవై దగ్గర పడిన బక్కపలచని మనిషి, భుజం మీద ఎప్పుడూ తడి తువ్వాలు. చిన్నప్పటి నుంచి గుడి వంటశాలలో పనిచేసి, తర్వాత మా బావ దగ్గరికి వచ్చాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. గొప్పలు అసలే లేవు. ఒక్క మాట మాత్రం ఏడాదికోసారైనా అనేవాడు: "నా చేతి తిండి తిని ఇంతవరకు ఒక్కరు కడుపు పట్టుకోలే." ఆయనకు ఇల్లూ వాకిలీ, పేరూ పరువూ అన్నీ ఆ ఒక్క మాటే.

వంటింటి మూల ఆయన రాజ్యం ఇంకొకటి ఉండేది. బరఫ్ పెట్టె, మంచుగడ్డ వేసి సరుకు చల్లగా ఉంచేది. పెళ్లిబట్టల సందూకంత పెద్ద చెక్కపెట్టె. లోపల జింకు రేకు, రేకుకూ చెక్కకూ మధ్య రంపపు పొట్టు కూరి ఉండేది. అడుగున బరఫ్ దిమ్మ, దాని చుట్టూ చెక్కపట్టీల మీద పాలు, పెరుగు, కూరగాయలు. కరిగిన నీళ్లు ఒక సన్న గొట్టంలోంచి కింది బకెట్‌లోకి చుక్కచుక్కగా పడేవి. పొద్దున్నే పురానాపూల్ వైపు నుంచి బరఫ్ భాయ్ తోపుడు బండి మీద దిమ్మను తెచ్చేవాడు. గోనెపట్టా కప్పి, పైన పొట్టు చల్లి. బండి గడప దగ్గర ఆగిందో లేదో, బాపు తడి తువ్వాలుతో ఎదురు పోయి, దిమ్మ మీద ఎండ పడకుండా లోపలికి తెచ్చుకునేవాడు. "మీ బాపు బరఫ్‌ను దుల్హన్ లెక్క చూస్తడు మియా, ముసుగు తియ్యనియ్యడు" అని భాయ్ నాతో నవ్వేవాడు.

ఆ పెట్టెకు బాపు పెట్టిన కట్టుబాట్లు గుడి మడి కంటే ఎక్కువ. మూత తెరిస్తే పైకి లెక్కపెట్టేవాడు: ఒకటి, రెండు, మూడు... అయిదు అనేలోపు మూత పడాలి. పచ్చి సరుకు కింద, వండింది పైన. ప్రతి గిన్నె మీద పలచని గుడ్డ. ఈ పూటదైతే ఆ గుడ్డకు ఒక ముడి, పూట మారితే రెండో ముడి. రెండు ముళ్లు పడ్డది తెల్లారితే మళ్లీ మనిషి ముందుకు రాకూడదు, గల్లీ చివరి బర్రెల కుడితిలోకి పోవాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, వేడి గిన్నె పెట్టెలోకి పోకూడదు. వండినదాన్ని వెడల్పు తాంబాళాల్లోకి పోసి, రాతి తొట్టిలో నీళ్ల మీద చల్లార్చి, మళ్లీ గుండిగలోకి ఎత్తి, ఆ గుండిగను చెంపకు ఆనించి చూసి, అప్పుడు లోపల పెట్టాలి. చేత్తో చూస్తే ఏమని ఒకసారి అడిగాను. "చెయ్యి పొయ్యి కాడ కాలి కాలి మొద్దువారింది. చెంప అబద్ధమాడది" అన్నాడు. ఆ మాట విన్నాక కూడా, అబద్ధం ఆడింది నా నోరు.

ఆ ఎండాకాలం మా పక్క గల్లీ బట్టల సేఠ్ గారికి షష్టిపూర్తి. రాత్రి విందుకు బాసుంది మా హోటల్ నుంచి పోవాలి, అందుకని ఆ రోజు హోటల్‌కు సెలవు. బాపు తెల్లవారే పాలు పొయ్యి మీద పెట్టి, మధ్యాహ్నానికి చిక్కగా దించాడు. ఆ రోజే ఆయన పాత స్నేహితుడి పదకొండో రోజు కర్మ. పోక తప్పదు. పోతూ పోతూ నన్ను పిలిచి చెప్పాడు: "తాంబాళాలల్ల పొయ్యి. తొట్టి నీళ్లు రెండుసార్లు మార్చు. చెంపకు చల్లగ తాకినంకనే పెట్టెల పెట్టు. దినమంత పట్టినా సరే. ఏంది?" "గట్లనే బాపూ, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. నాకు ఆ పూట మ్యాట్నీకి పోవాలని ఉంది. స్నేహితుడు గల్లీ మలుపులో నిలబడి ఈల వేస్తున్నాడు. తాంబాళాలు, తొట్టి, నీళ్లు మార్చడం, ఇవన్నీ అయ్యేసరికి సగం ఆట అయిపోతుంది. బరఫ్ ఉన్నదే చల్లార్చడానికి కదా, దానికి ముందు మళ్లీ నీళ్లలో చల్లార్చడమేమిటి, ముసలాయన చాదస్తం గాకపోతే! ఇట్లా నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. పొగలు పోతున్న గుండిగను నేరుగా బరఫ్ దిమ్మ మీదనే కూర్చోబెట్టి, గుడ్డ కప్పి, ఒక ముడి వేసి, మూత దించి వెళ్లిపోయాను.

తిరిగి వచ్చేసరికి బకెట్ పొర్లి వంటింట్లో నీళ్లు నిలిచాయి. గబగబా తుడిచాను. గుండిగ సగం దాకా బరఫ్‌లో దిగబడి ఉంది. అంచులు పట్టుకుని పైకి లాగి, బల్ల మీద పెట్టి, మూత మూసేశాను. బాపు వచ్చాడు. గుండిగకు చెంప ఆనించాడు. ఇత్తడి ఝల్లుమనేంత చల్లగా ఉంది. లోపల నడిమధ్యన, మీగడ కింద, ఆ చిక్కటి పాలు పూటంతా గోరువెచ్చగానే ఉన్నాయని చెంపకు ఎట్లా తెలుస్తుంది? బాసుంది ముందు సేఠ్ గారి ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టాలి. అంతవరకూ రుచి చూడడం కాదు, వాసన చూడడం కూడా బాపు దృష్టిలో ఎంగిలే. అందుకని ఆయనకు మిగిలిన ఆధారం నేనొక్కణ్నే.

"చల్లారినంకనే పెట్టినవు గదా?"

"ఆ, చెంపకు ఆనిచ్చి చూసిన బాపూ."

ఆయన నా మాట నమ్మి గుండిగను సేఠ్ గారి ఇంటికి పంపించాడు.

తెల్లవారేసరికి సేఠ్ గారి ఇంట్లో సగం మంది మంచాన పడ్డారు. విందుకు పోయిన మా అక్క కూడా. ప్రాణాల మీదికి ఎవరికీ రాలేదు, అది దేవుడి దయ. సేఠ్ గారి పెద్దకొడుకు హోటల్‌కు వస్తున్నాడని కబురు రాగానే బాపు పెట్టె దగ్గరికి పోయి మూత ఎత్తాడు. ఎత్తి అట్లాగే నిలబడ్డాడు. లెక్కపెట్టలేదు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. దిమ్మ నడుమ గుండ్రటి గుంట, జానెడు లోతు, అచ్చంగా గుండిగ అడుగంత. చల్లటి గిన్నె అట్లాంటి గుంట చెయ్యదు. ఆయన ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత గోడకున్న బరఫ్ కొట్టే ఇనుప సువ్వ తీసుకుని, ఆ బరఫ్‌ను టకటకా పలగ్గొట్టడం మొదలుపెట్టాడు. బావా, సేఠ్ గారి కొడుకూ లోపలికి వచ్చేసరికి పెట్టెలో ముక్కలే ఉన్నాయి.

"ఏం బాపూ, ఏమైంది? ఎవలు చేసిండ్రు?" అన్నాడు బావ.

"పెట్టె నా చేతిలున్నది. తప్పు నాదే."

"ఈ చెయ్యి తాకిన తిండి మళ్ల మా గడప తొక్కది" అని సేఠ్ గారి కొడుకు పెద్ద లొల్లి చేసి పోయాడు. ఆ ఒక్క పూటలో బాపు బతుకంతా దాచుకున్న మాట పోయింది. మధ్యాహ్నానికి ఆయన కప్పు గుడ్డలన్నీ ఉతికి తీగ మీద ఆరేసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదు. ఒక్క మాట చాలేది. ఆ గుడ్డలు ఆరాక మడతపెట్టాను.

పెట్టె నా చేతికి వచ్చింది. లెక్కపెట్టడం, ముళ్లు, చెంప, అన్నీ పొల్లుపోకుండా చేశాను. మెచ్చుకునేవాడు ఉంటే బాగుండేది గాని, బరఫ్ భాయ్ నవ్వడం మానేశాడు. "ఆయన చేతిల గిట్ల కాదు మియా" అని ఒకరోజు నా మొహంలోకి చూసి, దిమ్మను గడప దగ్గరే దించి పోయాడు. ఆ తర్వాత రోజూ గడప దగ్గరే.

చలికాలం వచ్చాక గాని నాకు కాళ్లు ఆడలేదు. పురానాపూల్ దగ్గర ఒక చిన్న సత్రంలో బాపు వంట చేస్తున్నాడని తెలిసి పోయాను. వంకాయలు తరుగుతున్నాడు. నేను నిలబడే "బాపూ, ఆ దినం నేను..." అన్నాను.

"ఎరుకే. బరఫ్ చెప్పింది."

"మరి ఎందుకు పలగ్గొట్టినవు?"

"మీ అక్క రాత్రంత వాంతులు చేసుకొని పండుకున్నది. గప్పుడే తమ్ముని సంగతి గూడ తెలిస్తే లేస్తదా?" ఒక వంకాయ తరగడం అయ్యేదాకా ఆగి, మళ్లీ అన్నాడు: "ఇప్పుడు లేచింది గదా. పో. నాకు చెప్పుడెందుకు? ఎరుక లేనోళ్లకు చెప్పు."

నేరుగా ఇంటికి పోయి చెప్పాను. బావ అంతా విని, "సినిమా మంచిగుండెనా?" అన్నాడు. అంతకంటే పెద్ద తిట్టు నేను నా జన్మలో తినలేదు. బియ్యం ఏరుతున్న అక్క తల ఎత్తకుండానే, "నీ సినిమా ఏమో గాని తమ్మీ, నాకైతే ఇంటర్వెల్ లేకుండ నడిచింది" అంది. నవ్వబోయి ఏడ్చింది. నా కోసం కాదు, బాపు కోసం. మర్నాడు బావ నన్ను వెంటబెట్టుకుని సేఠ్ గారి ఇంటికి తీసుకుపోయాడు. అక్కడా చెప్పాను. ఆయన కొడుకు నోటికొచ్చినట్టు తిట్టాడు. పెద్దాయన మాత్రం కళ్లు మూసుకుని విని, "శివరాత్రి తెల్లారి మా ఇంటికి బాసుంది బాపే చెయ్యాలె" అన్నాడు.

బాపు హోటల్‌కు తిరిగి రాలేదు. సత్రం వాళ్లకు మాట ఇచ్చానన్నాడు. కాని ఆ బాసుందికి మాత్రం మా వంటింటికే వచ్చాడు. తాంబాళాల్లో పోశాడు, తొట్టి నీళ్లు నాతో రెండుసార్లు మార్పించాడు, గుండిగలోకి ఎత్తించాడు. చెంప ఆనించబోయి, ఆగి, గుండిగను నా వైపు జరిపాడు.

"నువ్వు చూడు."

ఆనించాను. ఇంకా సన్నటి వెచ్చదనం ఉంది, జ్వరం తగ్గిన పసిపిల్ల ఒంటిలాగా.

"ఇంక ఉన్నది బాపూ."

"అయితే కూసో" అన్నాడు.

చెరొక పీట వేసుకుని ఆ గుండిగకు అటూ ఇటూ కూర్చున్నాం. వంటింటి కిటికీ ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగింది. ఆనాడు ఒక ఆట కోసం మిగుల్చుకున్న ఆ కాసిని గంటలను, ఈ వయసు దాకా చల్లారని గిన్నెల పక్కన కూర్చుని, కొద్దికొద్దిగా కాలానికి తిరిగి ఇచ్చుకుంటూనే ఉన్నాను.