కాలి కింది పుస్తె

మొన్న ఆదివారం మంగళూరు నుంచి మనవడు ఫోన్లో ఒక వీడియో పంపాడు. సముద్రం ఒడ్డున, తడి ఇసుక మీద, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, పొడుగాటి కర్రకి పళ్ళెం బిగించినట్టున్న మిషన్ని అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. అది ఉన్నట్టుండి కుయ్యిమని అరవడం, మనవరాలు పరుగెత్తుకొచ్చి రెండు చేతులా ఇసుక తోడడం. ముందు తుప్పు పట్టిన సీసా మూత వచ్చింది, తర్వాత రూపాయి బిళ్ళ, ఆ తర్వాత ఎవరి వేలి నుంచి జారిందో సన్నటి వెండి ఉంగరం. సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మిషన్లు లేవు కదా, గోదావరిలో పడ్డవి ఎట్లా కనిపెట్టేవాళ్ళు?" అని అడిగాడు. కాళ్ళతో నాన్నా, అన్నాను. పిల్లలిద్దరూ పడీ పడీ నవ్వారు.

నవ్వితే నవ్వారు గానీ, అడిగింది మంచి ప్రశ్నే. ఫోన్లో చెప్పి తేల్చేసే సంగతి కాదు కాబట్టి ఇలా కూర్చుని మీ ఇద్దరికీ రాస్తున్నాను. మీ అమ్మకి కూడా ఇది ఎప్పుడూ చెప్పలేదు.

మా ఊరు పర్ణశాలకి మైలు దూరం. ఒక పక్క గోదావరి, మిగతా మూడు పక్కలా అడవి. ఎండాకాలం వస్తే ప్రతి వాకిట్లో చాపల మీద ఇప్పపూలు ఎండుతూ ఊరంతా ఒక మత్తు వాసన వేసేది. తునికాకు కోతకి పోయిన అమ్మ కొంగులో నాలుగు తునికి పండ్లు కట్టుకొచ్చేది, వాటి గింజలు చప్పరించి చప్పరించి నున్నగా చేసి గవ్వలాటకి దాచుకునేవాళ్ళం. వానాకాలం ఏరు ఎర్రగా ఉరికి, రేవు మెట్లని మింగి, మా దొడ్డి చివరన ఉన్న చింతచెట్టు మొదలు దాకా వచ్చి, దసరా వెళ్ళాక మెల్లగా వెనక్కి తగ్గేది. తగ్గుతూ తగ్గుతూ ఇసుక తిన్నెల్ని ఒక్కొక్కటే బయటపెట్టేది. అప్పుడు కార్తీకం మొదలయ్యేది, కార్తీకంతో పాటు జనం. ఎడ్లబండ్ల మీద కొందరు, పాల్వంచ వైపు నుంచి బస్సుల్లో కొందరు. తెల్లవారక ముందే రేవంతా కర్పూరం, తడి బట్టలు, నలిగిన బంతిపూల వాసన. ఆడవాళ్ళ ఒంటి పసుపు కరిగి ఒడ్డు నీళ్ళు పచ్చగా తిరిగేవి. స్నానాలయ్యాక ఉసిరి చెట్ల కింద విస్తళ్ళు పరుచుకుని పులిహోర తింటుంటే, కాస్త దూరంలో నిలబడి వాళ్ళ చేతుల వంకే చూసేవాళ్ళం. ఎవరో ఒకరు పిలిచి పెట్టేవాళ్ళు.

మునిగిన ప్రతివాళ్ళూ నీళ్ళల్లోకి ఒక బిళ్ళ విసిరేవాళ్ళు. కొందరు విసరకుండానే పోగొట్టుకునేవాళ్ళు. చలికి వేళ్ళు ముడుచుకుంటే ఉంగరాలు వదులవుతాయి, మెట్టెలు జారతాయి.

నర్సత్త మా నాన్నకి అక్క. మామ చనిపోయాక కూతురు రవణని తీసుకుని వచ్చి మా ఇంటి పక్కనే గుడిసె వేసుకుంది. మోదుగాకుతో దొప్పలు కుట్టి, ఒత్తి వేసి, నూనె పోసి రేవులో దీపాలు అమ్మేది. అది లోకానికి కనిపించే పని. ఆమె అసలు పని మా కాళ్ళు. నేను, రవణ, పక్కింటి ఆడపిల్లలు ఇద్దరు, మొత్తం నలుగురం. దసరా కాగానే అత్త పెద్ద బానలో ఇసుక పోసి, నీళ్ళు నింపి, అందులో బిళ్ళలు దాచి, మా కళ్ళకి గుడ్డ కట్టి, ఒక్కొక్కరి కాలు అందులో పెట్టించేది. అయిదు పైసలది నాలుగు మూలలు, పది పైసలది పూరేకుల అంచు, మూడు పైసలది ఆరు పలకలు, ఇత్తడి ఇరవై పైసలది గుండ్రంగా బరువుగా ఉంటుంది. గులకరాయి వేలి కింద దొర్లుతుంది, ఆల్చిప్ప కోస్తుంది, బిళ్ళ మాత్రం కదలకుండా పడుకుంటుంది. తప్పు చెబితే చింతబరికె. చేతుల మీద కాదు, అరికాలి మీద.

"నేర్వాల్సింది అదే గద. దెబ్బ గూడ దానికే తగలాలె" అనేది అత్త, కోపం లేకుండా, దొప్ప కుట్టుకుంటూనే.

మాకు కట్టుబాట్లు ఉండేవి. వస్తువు దొరికితే వంగకూడదు, వంగితే చూసినవాళ్ళకి తెలిసిపోతుంది. కాలు వేసి నిలబడాలి. ఎవరి కాలు దాని మీద పడితే వాళ్ళదే. పోగొట్టుకున్న మనిషి వెతకమని బతిమాలితే ఊరికే ఉండకుండా అందరం దిగి వెతకాలి, అది ఉన్న చోట తప్ప. వాళ్ళు ఒడ్డు విడిచి కనుమరుగయ్యేదాకా కాలు ఎత్తకూడదు. సాయంత్రం అత్త పొయ్యి దగ్గర చేరి, ఆ రోజు ఎవరెవరు ఎలా ఏడ్చారో రవణ చేసి చూపించేది. ఉంగరం పోయిన ఒక ముసలాయనకి "తాతా, జెల్ల మింగింది, నేను చూసిన" అని చెబితే ఆయన పాపం జాలర్ల వెంట పడి ప్రతి చేప పొట్టా కోయించుకున్నాడు. ఆ కథ చెప్పించుకుని చెప్పించుకుని నవ్వేవాళ్ళం. అత్తకి నవ్వీ నవ్వీ పొలమారేది.

నేను చెప్పబోయే కార్తీకానికి ముందు ఏడాది రవణకి బంగారు ముక్కుపుడక దొరికింది. అప్పటి నుంచి అత్త దాన్ని బంగారుకాలు అని పిలిచేది. అన్నం గిన్నె అడుగున ఎర్రగా అంటుకున్న మాడుచెక్క మీద బెల్లం కొట్టి, నెయ్యి చుక్క వేసి దాని ఒక్కదానికే పెట్టేది. నాకు చిల్లర బిళ్ళలు తప్ప ఏమీ దొరికేవి కావు. నేను బురదకాలు. "బురదకాలా, జర నీళ్ళు తే", "బురదకాలా, పొయ్యిల పుల్ల ఎగదొయ్". పదేళ్ళ పిల్లకి ఒక పేరు ఎంత బరువో, ఆ పేరు పోగొట్టుకోవడానికి ఎంతకి తెగిస్తుందో ఇప్పుడు చెబుతాను.

ఆ ఏడు కార్తీక పున్నమి పొద్దున మంచు ఇంకా విడవలేదు. ఒక తల్లి, కొడుకు, కొత్తకోడలు స్నానానికి దిగారు. కోడలికి పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఆమె పేరు నాకు తెలియదు, అత్తగారు "ఓ పిల్లా" అనే పిలిచింది. మూడో మునక వేసి లేచి, మెడ తడుముకుని, ఆ పిల్ల అలాగే నిలబడిపోయింది. పసుపుతాడు తెగిపోయింది.

"ఏంది? ఏం దేవులాడుతున్నవ్?" అంది అత్తగారు ఒడ్డు మీద నుంచి.

"అత్తమ్మా, పుస్తె... ఒకటి జారింది."

"ఏ పుస్తె?"

తాళిలో రెండు పుస్తెలుంటాయి, మీ అమ్మ మెడలో చూడండి. ఒకటి పుట్టింటివాళ్ళు చేయించింది, ఒకటి అత్తింటివాళ్ళు చేయించింది. కోడలు ఒడ్డు దగ్గరికి వచ్చి పిడికిలి విప్పింది. అత్తగారు అందులో మిగిలిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ అమ్మోళ్ళది మంచిగ ఉన్నది. మాదే పోయిందా! నీళ్ళల్ల గూడ ఏది ఇడవాల్నో నీకు బాగ ఎరుకే."

"పోనీయే అమ్మా, ఇంకోటి చేపిద్దాం" అన్నాడు కొడుకు తువ్వాలు పిండుకుంటూ.

"నువ్వు నోర్ముయ్. అది బంగారం గాదు, నీ ఆయుష్షు. దొరికేదాక ఒడ్డెక్కకు, పిల్లా."

నర్సత్త దీపాల గంప వదిలేసి పరుగున వచ్చింది. "అయ్యో బిడ్డా! ఎంత పని జరిగె! ఓ పోరగాండ్లారా, దిగుండ్రి, అక్క పుస్తె ఎతకుండ్రి!" అంటూనే మాకు కనిపించేలా తన చెవి తమ్మె పట్టుకుని లాగింది. బంగారం అని దాని అర్థం. వెతికిచ్చినవాళ్ళకి అయిదు రూపాయలిస్తానన్నాడు కొడుకు. మేం నలుగురం దిగాం.

నాకు ఎంతోసేపు పట్టలేదు. ఆమె మునిగిన చోటికి రెండడుగులు దిగువన, కుడికాలి బొటనవేలి కింద, ఏదో తగిలింది. బిళ్ళ కాదు. చిన్న గిన్నె బోర్లించినట్టు మధ్యలో ఉబ్బు, ఉబ్బు నడుమ మొన, అంచున తాడు ఎక్కించే సన్నటి గొట్టం. బానలో అత్త ఎప్పుడూ ఇలాంటిది దాచలేదు, అయినా నా కాలికి తెలిసిపోయింది. మడమ దించి, బరువంతా దాని మీద వేసి నిలబడ్డాను.

నర్సత్తకి భయపడి ఇవ్వలేదని రాస్తే మీరు నమ్ముతారు, మీ అమ్మమ్మని పాపం అనుకుంటారు. భయం కాదు నాన్నా. సంతోషం. ఒళ్ళంతా వెచ్చబడేంత సంతోషం. ఇంక నన్ను బురదకాలు అనలేరు అనుకున్నాను. మాడుచెక్క నెయ్యి వాసన అక్కడే, ఆ చల్లటి నీళ్ళల్లోనే తగిలింది.

ఆ పిల్ల ఒక పిడికిలి బిగించుకునే వంగి, రెండో చేత్తో ఇసుక దేవుతూనే ఉంది. మంచు విడిచి, ఎండ వచ్చి, జనం ఒక విడత వెళ్ళి ఇంకో విడత వచ్చారు. ఆమె పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి, దవడలు కొట్టుకోవడం మాకు వినిపిస్తోంది. అత్తగారు ఒడ్డున కూర్చుని అటుకులు తింటూ వచ్చిపోయేవాళ్ళకి కథ చెబుతోంది. ఎవరో పెద్దామె "చలికి చస్తదమ్మా, పైకి రానియ్యి" అంటే, "నా కొడుకు బతకాల్నా, అది బతకాల్నా, నువ్వే చెప్పు" అని ఎదురడిగింది. పెద్దామె తన దారిన పోయింది.

రవణ ఆల్చిప్ప ముక్క ఒకటి ఎండలో మెరిసేలా పైకెత్తి "అక్కా, గిదేనా?" అని అరిచింది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయి, నీళ్ళల్లో పడుతూ లేస్తూ పరుగెత్తి, దగ్గరికొచ్చి చూసి ఆగిపోయింది. మేం నవ్వాం. కాసేపాగి రవణ ఇంకో ముక్క ఎత్తింది. ఆ పిల్ల మళ్ళీ పరుగెత్తింది. మూడోసారి కూడా.

తర్వాత నా వైపు వచ్చింది. మిగతా ముగ్గురూ కలియదిరుగుతుంటే వాళ్ళ చుట్టూ నీళ్ళు మడ్డిగా ఉన్నాయి. నేను కదల్లేదు కాబట్టి నా చుట్టూ తేటగా ఉన్నాయి. అది నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆమె చేత్తో తడుముకుంటూ వచ్చి నా పాదం దగ్గర ఆగింది. వేళ్ళు నా చీలమండకి తగిలాయి.

"మంచులెక్క ఉన్నయ్ నీ కాళ్ళు. ఎంతసేపాయె పాపా ఈడ నిలవడి?"

"ఇప్పుడే వచ్చిన. ఈడ లేదక్కా, నేను చూసిన."

ఆమె నీళ్ళల్లోకి చూసింది. తర్వాత తలెత్తి నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టూ కాదు.

"నీ పేరేంది?"

"సరోజ."

"మంచిగుంది" అంది. లేచి నిలబడి, తడి కొంగు భుజాన వేసుకుని, ఒడ్డు వైపు తిరిగి గట్టిగా చెప్పింది: "లేదత్తమ్మా. అంత చూసిన. పోయింది."

"పోతే నువ్వు గూడ పో" అని లేచింది అత్తగారు. "మీ అమ్మోళ్ళ పుస్తె ఉన్నది గద నీ చేతుల. పట్టుకొని వాళ్ళింటికే పో. మా గడప తొక్కకు."

ఉత్త మాటే అనుకున్నాం. కానీ ఆమె సంచీ చంకన పెట్టుకుని బస్సు వైపు నడిచింది. కోడలి పొడి చీర కూడా ఆ సంచీలోనే ఉంది. కొడుకు అటూ ఇటూ చూసి, చెప్పులు వేసుకుని తల్లి వెనకే వెళ్ళాడు. బస్సు కదిలిన చప్పుడు మా అందరికీ వినిపించింది. ఆ పిల్ల ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు పిండుకుని, పిడికిలి బిగించి, దుమ్ముగూడెం బాట పట్టి నడిచింది. ఆ బాటలో రెండు వైపులా టేకు చెట్లు, మలుపు దాకా ఆమె కనబడుతూనే ఉంది. మలుపు తిరిగాక నేను కాలు ఎత్తాను.

నర్సత్త దాన్ని కొంగుతో తుడిచి, పళ్ళతో కొరికి చూసి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. జీవితంలో అదొక్కసారే. మాడుచెక్క పెట్టింది. రుచిగానే ఉంది, అబద్ధం చెప్పను. రవణ ఆ పిల్లలాగా దవడలు కొట్టుకుని చూపిస్తే అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. వారం తిరక్కుండానే అత్త ఆ పుస్తెని కంసాలి దగ్గర కరిగించి రవణ చెవులకి దుద్దులు చేయించింది. నాకు పేరు మిగిలింది. ఆ పేరు మీద ఇంకో మూడు కార్తీకాలు నీళ్ళల్లో నిలబడ్డాను, బంగారుకాలు అంటే పలికాను.

పెళ్ళయ్యాక, పుస్తెలు మెడ మీద చల్లగా తగిలినప్పుడు మొదటిసారి ఒళ్ళు జలదరించింది. అప్పటి నుంచి ఆ పిల్ల కోసం చూడడం అలవాటైంది. పాల్వంచ బస్టాండులో ఒకసారి అచ్చం ఆమెలాగే ఉన్న మనిషి వెనక మార్కెట్టు దాకా నడిచాను. ఆమె ఎవరో వేరే ఆవిడ.

ఇప్పుడు ఆ రేవుకి సిమెంటు మెట్లు, ఇనుప గొలుసులు వచ్చాయి. మేం నిలబడిన ఇసుకని లారీలు తోడుకుపోయాయి, అక్కడ మనిషి లోతు గుంటలున్నాయి. జనం గిల్టు నగలు వేసుకొచ్చి స్నానం చేస్తారు. పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి ఉక్కు బిళ్ళలు లాగుతారు, నీళ్ళల్లోకి దిగే పనే లేదు. నర్సత్త లేదు, రవణ లేదు, పక్కింటి ఆ ఇద్దరూ లేరు. ఆ మాట చెప్పుకుని నవ్వడానికైనా, తిట్టుకోవడానికైనా నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న దవాఖానాలో డాక్టరమ్మ నా అరికాలి మీద దారపు మొన ఆనించి, తెలుస్తోందా అని అడిగింది. షుగర్ వచ్చి ఏళ్ళయింది, తెలియడం లేదన్నాను.

ఆ పిల్ల బతికుంటే నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. ఎదురైతే క్షమించమని అడగాలని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అది కూడా అనిపించడం లేదు. ఆ రోజు నా చుట్టూ నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఎండ అడుగు దాకా దిగింది, నా కాలి అంచున ఆ గొట్టం మెరిసే ఉంటుంది. ఆమె ఒక్క మాట అంటే చాలు, అత్తగారు వచ్చి నా జుట్టు పట్టుకుని లాగేది, పుస్తె దొరికేది, ఆ పిల్ల పొడి చీర కట్టుకుని బస్సెక్కేది. అనలేదు. నన్ను కాపాడిందా, ఆ బస్సు ఎక్కకుండా తనని తాను కాపాడుకుందా, లేక నిజంగానే చూడలేదా?

అక్కా, చూసినవా? చూస్తే, లేదని ఎందుకు చెప్పినవ్?