తర్మా మార్కెట్ ఇంటర్నెట్‌ను కడిగిన సోమవారం

పెరూలోని తర్మా ఊరి మార్కెట్లో యోవానా గొంతు తెలియనివాళ్లు లేరు. ఆమె ముఖం మాత్రం చాలామందికి గుర్తుండదు. ఎదురుపడితే గోడవారగా తప్పుకునే ఒక గోధుమరంగు శాలువా, అంతే.

జున్ను వరుస మీద, చెక్క మెట్లెక్కితే వచ్చే ప్లైవుడ్ గది ఆమెది. లోపల ఒక మైకు, పాత పాటల క్యాసెట్లు, కూర్చుంటే కిర్రుమనే కుర్చీ. కిటికీ లేదు. రెండు పలకల మధ్య వేలెడు సందు ఉంది. ఆ సందులోంచి మార్కెట్ మొత్తం కనిపిస్తుంది, మార్కెట్‌కు మాత్రం యోవానా కనిపించదు. అంతకంటే ఆమెకు కావలసింది ఏముంది?

ఆమె తొమ్మిదో తరగతి మధ్యలో ఉండగా తల్లికి మోకాళ్లు పట్టేశాయి. మూలికల కొట్టు చూసుకోవడానికి మనిషి కావాల్సి వచ్చి యోవానా బడి మానేసింది. అమ్మకం మాత్రం ఆమె వల్ల కాలేదు. ఎవరైనా ధర అడిగితే చామంతి కట్టల వెనక్కి జరిగేది. "ఆ పిల్ల అమ్ముతోందా, దాక్కుంటోందా?" అని పక్క కొట్లవాళ్లు నవ్వేవాళ్లు. ఒకరోజు మైకులో మార్కెట్ ప్రకటనలు చదివే ముసలాయనకు గొంతు పూర్తిగా పోయింది. తల్లి కాచిన యూకలిప్టస్ కషాయం ఇద్దామని యోవానా పైకి వెళ్తే, ఆయన సైగ చేసి మైకు ఆమె చేతిలో పెట్టాడు. కింద తప్పిపోయిన పాప ఒకతె ఉంది. యోవానా చుట్టూ చూసింది. తనను చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు.

"ఎర్ర టోపీ పెట్టుకున్న పాప దొరికింది," అంది. "పాప ఏడవడం లేదు, అరటిపండు తింటోంది. వాళ్లమ్మ ఎక్కడైనా ఏడుస్తుంటే ఆపేసి జున్ను వరుస దగ్గరికి రావాలి."

మార్కెట్ గొల్లుమంది. ఆ నవ్వు పలకల సందులోంచి పైకి వచ్చి ఆమె ఒళ్లంతా వెచ్చబరిచింది. ముసలాయన మళ్లీ మైకు అడగలేదు.

వార్తలు ఆ తర్వాత మొదలయ్యాయి. రొట్టెల గేటు పక్కన తెయోఫిలో అనే నడివయసు మనిషి ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టాడు. రాజధాని లీమాలో చదువుకునే కుర్రాళ్లు కొందరు ప్రతి శనివారం ఇంటర్నెట్‌లో దొరికిన వింతలన్నీ ఏరి, 'శనివారం ఎలుక' అనే పేరుతో ఈమెయిల్లో ఉచితంగా పంపేవాళ్లు. తెయోఫిలో దాన్ని అచ్చు తీసి యోవానాకు ఇచ్చేవాడు. ఆమె దాన్ని ఉన్నదున్నట్టు చదవదు. శనివారం పది నిమిషాల పాటు మార్కెట్ మాటల్లోకి దించి చెబుతుంది.

"ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ ఉంది. అక్కడ కాఫీ పాత్రకు కెమెరా కాపలా పెట్టారు. పాత్రలో కాఫీ ఉందో లేదో పై అంతస్తువాళ్లు మెట్లు దిగకుండా కంప్యూటర్లో చూసుకుంటారట."

"నా సూపు గిన్నెకి కూడా ఒకటి పెట్టించవే!" అని కింద నుంచి ఎర్మెలిందా అరిచేది. తలకాయ సూపు అమ్మే ఆ మనిషి గొంతుకు మైకు అక్కర్లేదు. "మా ఆయన ఎన్ని ముక్కలు తింటున్నాడో ఇంట్లోంచే చూస్తా!"

"అమెరికాలో ఒక రాష్ట్రంలో ఒక పార్టీవాళ్లు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లోనే ఓటు వేశారు."

"మరి వేలికి సిరా ఎవరు పూస్తారే?" ఇది బంగాళాదుంపల నసారియా. మార్కెట్ సంఘానికి అధ్యక్షురాలు. ఎన్నికలంటే ఆవిడకు ముందు సిరానే గుర్తొస్తుంది.

ఏ వార్త బాగుందో యోవానాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సందులోంచి ఎర్మెలిందా గరిటె మీద కన్నేసి ఉంచేది. సూపు పోస్తున్న గరిటె గాల్లో ఆగిపోయిందంటే ఆ వార్త పండినట్టే. గరిటె ఆగకపోతే మరుక్షణం ఇంకో వార్తలోకి దూకేది. డిసెంబరు ఇరవై ఎనిమిదిన మాత్రం నోరు విప్పేది కాదు. తర్మాలో అది అబద్ధాల రోజు. ఆ రోజు ఎవరేం చెప్పినా నమ్మరు, నమ్మినవాణ్ని ఏడాదంతా ఏడిపిస్తారు. తన వార్తలు ఆ లెక్కలో పడటం ఆమెకు ఇష్టం లేదు.

ఇదంతా ఇష్టం లేని మనిషి ఒకడున్నాడు. పరుపుల కొట్టు అబ్దియాస్. శనివారం ఆ పది నిమిషాలూ తన పరుపుల ప్రకటనలకు కావాలని సంఘం చుట్టూ తిరుగుతున్నాడు. "ఎక్కడో కాఫీ గిన్నె గోల మనకెందుకు? ఈ పిల్ల చెప్పేదాంట్లో నిజమెంతో ఎవరికి తెలుసు?" అనేవాడు. చివరికి నసారియా విసిగిపోయి చెప్పింది: "సోమవారం సాయంత్రం సభ పెడతా. చేతులెత్తిద్దాం. వార్తలా, పరుపులా, ఆ రోజే తేలిపోతుంది."

ఆ మాట విన్నప్పటినుంచి యోవానాకు తిండి సయించలేదు. ఆ పది నిమిషాలు పోతే ఇక మిగిలేది పోయిన తాళంచెవుల ప్రకటనలూ, చామంతి కట్టలూ.

సభకు ముందు వచ్చిన శనివారం రెండువేల సంవత్సరం ఏప్రిల్ ఒకటో తారీఖు. దేశంలో ఎన్నికలకు ఇంకో వారం ఉంది. ఆ రోజు 'ఎలుక' మోసుకొచ్చిన వార్తల్లో మూడోది చదివి యోవానా కుర్చీలో నిటారుగా కూర్చుంది. మైకు దగ్గరికి లాక్కుంది.

"అందరూ వినండి, ఇది కాస్త అవసరమైన వార్త. ఇంటర్నెట్‌ను ఏడాదికోసారి శుభ్రం చేస్తారట. ఈసారి రేపు తెల్లవారింది మొదలు ఎల్లుండి సాయంత్రం దాకా. ఆలోపు కంప్యూటర్లన్నిటికీ తీగలు పీకేసి పైన గుడ్డ కప్పాలి. కప్పకపోతే లోకంలోని చెత్త ఉత్తరాలన్నీ మన కంప్యూటర్లోకి కొట్టుకొస్తాయట."

గరిటె ఆగింది. బంగాళాదుంపల తక్కెడ ఆగింది. జున్ను కోస్తున్న కత్తులు కూడా ఆగాయి.

ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? తర్మా మార్కెట్ కూడా ఏడాదికో సోమవారం మూతపడుతుంది. కొట్లమీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి, ప్రతి కొట్టు నుంచీ ఒక మనిషి బకెట్టూ చీపురూ పట్టుకుని వచ్చి, మురుగు కాలువ దాకా కడగాల్సిందే. రానివాళ్లకు సంఘం జరిమానా వేస్తుంది. పోయిన నెలే ఆ పని చేశారు. చేతుల నుంచి బ్లీచింగ్ వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

"కడగాల్సిందే మరి," అంది నసారియా. "అంత పెద్దదాన్ని ఇన్నాళ్లు కడక్కుండా ఎలా ఉంచారో!"

"వదినా, మనమూ వెళ్లొద్దా?" అంది ఎర్మెలిందా. "ఆ నెట్ సెంటర్లో మా చెల్లెలికి ఉత్తరాలు పంపుతాను, నీ కూతురు పాటలు వింటుంది. వాడుకోడానికి మనమూ, కడగడానికి ఊళ్లోవాళ్లా? మన వాటా మనమే కడగాలి."

తెయోఫిలో ఆ రాత్రే ఆరు కంప్యూటర్లకూ తీగలు పీకి, భార్య పాత దుప్పట్లు కప్పి, తలుపు వేసుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం బేరాలు తగ్గగానే ఆ తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే వీధి సగం ఆడవాళ్లే. బకెట్లు, చీపుళ్లు, కొబ్బరి పీచులు.

"తెయోఫిలో, పక్కకి తప్పుకో. ఇంటర్నెట్ కడగడానికొచ్చాం."

"అమ్మా, అక్కా, మీ కాళ్లు పట్టుకుంటా, కంప్యూటర్ల మీద నీళ్లు పొయ్యకండి!"

"మాకా మాత్రం తెలీదా? నేల మేం చూసుకుంటాం. కంప్యూటర్లు నువ్వు తుడు. నీ చెవుల వెనక కూడా తుడుచుకో, అక్కడా దుమ్ముంది."

బల్లలు జరిపారు. గోడకూ బల్లకూ మధ్య నుంచి ఎండిన నారింజ తొక్కలు, పోయిందనుకున్న ఎర్మెలిందా చెవిపోగు, ఎవరిదో ఒంటి మేజోడు బయటపడ్డాయి. తెయోఫిలో ఒక కంప్యూటరు వెనక మూత విప్పితే అరచేతి మందాన దుమ్ము ముద్ద జారిపడింది. "అమ్మో, లోపల గినీ పందిని పెంచుతున్నావా!" అని ఎవరో అరిచారు. అప్పటినుంచి వాళ్ల నవ్వు ఆగితే ఒట్టు. ఒకావిడ పాట ఎత్తుకుంది. నేల ఆరేలోగా ఉడికించిన బంగాళాదుంపలు, జున్ను, కారం పచ్చడి గడప మీదికి వచ్చాయి. యోవానా కూడా మూల నిలబడి కిటికీ అద్దం తుడిచింది. ఆమె చేతికి ఎవరో దుంప అందించారు. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

సాయంత్రం ఆడవాళ్లు వెళ్లిపోయాక తెయోఫిలో తీగలు బిగించాడు. యోవానా ఒక్కతే మిగిలింది. తళతళలాడుతున్న తెర మీద 'ఎలుక' నుంచి ఇంకో ఉత్తరం కనిపించింది. శనివారం రాత్రే వచ్చింది. తీగలు పీకి ఉండటంతో ఎవరూ చూడలేదు.

"సవరణ," అని చదివాడు తెయోఫిలో. "మిత్రులారా, మేమూ మోసపోయాం. మూడో వార్త పరదేశీయుల పరాచికం. వాళ్లకు అబద్ధాల రోజు ఏప్రిల్ ఒకటి."

యోవానా చెవులు నిప్పుల్లా అయ్యాయి. "మామా, అది డిసెంబర్లో కదా!"

"మనకి. వాళ్లకి డిసెంబరు దాకా ఆగే ఓపిక లేనట్టుంది." తెయోఫిలో నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపుకున్నాడు. "ఎవరికీ చెప్పకులే అమ్మాయ్. కడిగితే నాకు మంచే జరిగింది."

చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్లు సభకు వెళ్లేసరికే అబ్దియాస్ ఒక బల్లెక్కి నిలబడి ఉన్నాడు. లీమా నుంచి పరుపులు పంపే మనిషి అతనికి ఫోన్లో అంతా చెప్పేశాడట.

"విన్నారా? అబద్ధం! లోకంలో ఎవడూ ఇంటర్నెట్‌ను కడగడు! ఈ పిల్ల మిమ్మల్నందర్నీ చీపుళ్లిచ్చి వీధిలో నిలబెట్టింది. ఇంకా దీని చేతిలో మైకు ఉంచుతారా?"

సభ గుసగుసలాడింది. తలలన్నీ యోవానా వైపు తిరిగాయి. అన్ని ముఖాలు ఒకేసారి! ఆమె శాలువా తల మీదికి లాక్కుని, గిరుక్కున తిరిగి జున్ను వరుస వైపు నడిచింది.

"చూశారా, పారిపోతోంది," అన్నాడు అబ్దియాస్.

"అబ్దియాస్ బాబూ," అని ఎర్మెలిందా లేచింది. "పొద్దున మీ ఆవిడకి సూపు ఇవ్వడానికి మీ కొట్టుకొచ్చాను. నీ కంప్యూటరుకి పెద్ద పరుపు సంచీ తొడిగి, నాలుగు వైపులా టేపు వేసి, పైన జపమాల పెట్టావు. అది కూడా ఈ పిల్లే వచ్చి పెట్టిందా?"

నవ్వు చప్పుడుకు రేకుల కప్పు మీది పావురాలు లేచాయి. అబ్దియాస్ ఏదో అనబోయేలోగా నెత్తిమీద లౌడ్‌స్పీకర్ గరగరలాడింది.

"నమస్కారం, తర్మా మార్కెట్. ఇవాళ శనివారం కాదు. అయినా ఒక వార్త చెప్పాలి." అది యోవానా గొంతు. "పెరూ దేశంలో, కొండల మధ్య ఒక ఊళ్లో, మార్కెట్ ఆడవాళ్లు ఇంటర్నెట్‌ను కడిగారు. అది కడిగేది కాదని వాళ్లకు వార్త చదివిన అమ్మాయి చెప్పలేదు. ఆ అమ్మాయికీ తెలియదు. పరదేశంలో అబద్ధాల రోజు ఎప్పుడో ఆమె కనుక్కోలేదు, ఇకమీదట కనుక్కుంటుంది. లోపల ఒక చెవిపోగు, ఒక మేజోడు, గినీ పంది అంత దుమ్ము దొరికాయి. మేజోడు ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకోవాలి. లోకంలో ఇంకెక్కడా ఇంటర్నెట్ ఇంత శుభ్రంగా లేదు. ఈ వార్తను ఇప్పుడే లీమాకు పంపుతున్నాం. ఇది మాత్రం అబద్ధం కాదు."

కింద మార్కెట్ అంతా ఒక్కసారి బద్దలైనట్టు నవ్వింది.

"చేతులెత్తండి!" నసారియా గొంతు గట్టిగా వినిపించింది. "పరుపులు ఎంతమందికి?"

యోవానా కళ్లు గట్టిగా మూసుకుంది.

"వార్తలు ఎంతమందికి?"

కళ్లు తెరిచి సందుకు ముఖం ఆనించింది. అన్నిటికంటే ఎత్తున, చేతుల మీదుగా, ఎర్మెలిందా గరిటె గాల్లో నిలబడి ఉంది. దాని చుట్టూ తడి ఆరని చీపుళ్లు. జున్ను కత్తులు. బల్ల పక్కన అబ్దియాస్ భార్య చెయ్యి కూడా.

ఆ శనివారం 'ఎలుక' తర్మా వార్తను అన్నిటికంటే పైన వేసింది. దాన్ని మైకులో రెండుసార్లు చదివించుకున్నారు. మూడోసారి చదవమని అడిగింది మాత్రం అబ్దియాసే. జపమాల సంగతి అందులో ఉందో లేదో అతనికి సరిగ్గా వినిపించలేదట.