తలుపుల హాజరు

ఆ కబురు మొదట తెచ్చింది మా పక్కింటి శాంతక్క. గోదావరిఖనిలో కొత్తగా కట్టిన దవాఖానలో ఆయాగా చేరి, మొదటి డ్యూటీ దిగి, తన ఇంటికి కూడా పోకుండా మా గడపలో వచ్చి నిలబడింది. “రూతూ, మీ తలుపులు బిగించిన్రే. నీలం రంగు. తుడిస్తే అద్దం లెక్క మెరుస్తున్నయ్,” అంది. మరునాడు పొద్దున్నే ప్రార్థన ముగించుకొని వెళ్లాను. లోపల అడుగు పెట్టగానే కొత్త చెక్క, జిగురు కలిసిన వాసన తగిలింది. ఆ వాసనతో పాటే నాకు పని నేర్పిన పోశం కాక గొంతు చెవిలో పలికింది: “డి ఏడు?” వసారాలో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు దమ్ము రోగం ఉండేది. బొగ్గు దుమ్ము లేచిన రోజు నాలుగడుగులు వేసినా ఆయాసం వచ్చేది. అమ్మే వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకొని చదివించింది, పరీక్షలూ ఇంటినుంచే కట్టించింది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు. కానీ పని అడగబోతే అందరూ ఏ కాలేజీ అనేవారు. మా వీధి చివరి పోశం కాక ఒక్కడే, “మౌస్ పట్టుడు వస్తదా బిడ్డా?” అని అడిగాడు. కాక గనిలో మొదట షిఫ్టు హాజరు పిలిచేవాడు, తర్వాత సర్వే ఆఫీసులో నక్షలు గీశాడు. పింఛన్ వచ్చాక, కట్టబోయే భవనాన్ని కంప్యూటర్లో ముందే నిలబెట్టి చూపే సాఫ్ట్‌వేర్ నేర్చుకొని, హైదరాబాదు ఆర్కిటెక్టులకు ఇంటి ముందరి గదిలోనే పని చేసి పంపేవాడు.

నాకు అప్పగించిన పని తలుపులు, కిటికీల షెడ్యూలు. ఏ తలుపు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, దానికి ఏ రంగు, ఏ పూత అన్నీ చూపే పట్టిక అది. పూతలకు పొట్టి పేర్లుంటాయి: పి ఒకటి అంటే తెల్ల పెయింటు, ఎల్ రెండు అంటే చెక్క మీద అతికే నీలం లామినేట్ రేకు. మొదటి రోజు కాక ఆ రెండు పూతల నమూనా ముక్కలూ నా చేతిలో పెట్టాడు. “ఉత్త కోడు రాసుడు కాదు, పట్టి చూడు. మన ఊర్ల తెల్లరంగు ఎన్నొద్దులు తెల్లగుంటది?”

“మా పక్కింటి శాంతక్క లెక్క రోజూ తుడిచినన్ని రోజులు కాకా,” అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు లోపలినుంచి ఆయన భార్య లచ్చవ్వ తొంగి చూసింది.

పని పంపేముందు కాక హాజరు పిలిచేవాడు. కళ్లు మూసుకొని డి ఒకటి, డి రెండు అంటూ ఒక్కో తలుపు నంబరు పిలిస్తే, నేను షెడ్యూలు చూసి దాని పూత చెప్పాలి. లచ్చవ్వకు ఇది వేళాకోళం. “గనిల మనుషుల పిలిశిండు, ఇప్పుడు తలుపుల పిలుస్తుండు. రేపు నా గిన్నెల పిలుస్తడు.” కాక మాత్రం నవ్వేవాడు కాదు. “ఎవడు దిగిండో తెల్వకుంటే, ఎవడు పైకి రాలేదో ఎట్ల తెలుస్తదే?” అనేవాడు.

ఈ దవాఖాన పని అప్పుడే వచ్చింది. షెడ్యూలు సరిగ్గా వస్తే ఇకమీద తమ తలుపులు, కిటికీల పనంతా నాకే ఇస్తానని ఆర్కిటెక్ట్ మేడమ్ మాటిచ్చింది. ఆఖరి రోజు మధ్యాహ్నానికల్లా పంపాలి. ఆ పొద్దున పట్టిక తెరిచి చూస్తే తలుపులన్నీ వరసగా ఉన్నాయి, పూత గడులు మాత్రం పైనుంచి కిందిదాకా ఖాళీ.

“డి ఏడు?” అన్నాడు కాక.

తెర మీది భవనం బొమ్మలో ఆ తలుపు మీద నొక్కి చూశాను. “ఎల్ రెండు ఉంది కాకా. పట్టికలో లేదు.”

“మనిషి పనిల ఉన్నడు, హాజరుల లేడు.”

“చేత్తో టైపు చేసి పంపుదామా?”

“రేపు మేడమ్ నీలం వద్దు, పచ్చ పెట్టమంటే బొమ్మల మారుతది. నీ చేతిరాత మారుతదా?” మౌస్ ముట్టకుండా లేచాడు. “చాయ్ తాగొస్త. ఫికర్ చెయ్యకు.”

కళ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసుకున్నాను. తెరిచి చూశాక నిదానంగా తోచింది. ప్రతి రకం తలుపులోనూ పూత గడిని నేను విడిగా, దాని మటుకు దానికే తయారు చేశాను. పట్టికలో మరొకటి పెట్టాను. పేరు ఒకటే అయినా సాఫ్ట్‌వేర్‌కు అవి ఒకదానికొకటి ఏమీ కావు. అన్నిటికీ ఉమ్మడిగా ఒకే గడి చేసి, తలుపుల్లో, కిటికీల్లో దాన్నే పెట్టి, కోడ్‌లు మళ్లీ నింపాను. పట్టిక తెరిస్తే పి ఒకటి, ఎల్ రెండు, ఎల్ రెండు… కరెంటు వచ్చిన వీధిలో దీపాల్లా వరసగా వెలిగాయి.

కాక వచ్చి కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. పిలిచిన ప్రతి తలుపూ పలికింది. కిటికీలూ పలికాయి. అయిపోయిందనుకొని లేవబోతుంటే ఇంకో పేరు పిలిచాడు.

“రూతమ్మ?”

నాకు అర్థం కాలేదు. కళ్లు తెరవకుండానే మళ్లీ పిలిచాడు. బళ్లో ఏ పంతులూ నా పేరు పిలవలేదు. నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. లేచి నిలబడ్డాను.

“హాజర్ కాకా.”

“ఇగ పంపు,” అన్నాడు. లచ్చవ్వ చాయ్ గ్లాసు నా ముందు పెట్టి, “నా గిన్నెల కన్నా ముందు నిన్నే పిలిశిండు పో,” అంది.

సాయంత్రం మేడమ్ ఫోన్ చేసి తర్వాతి భవనం సంగతి మాట్లాడింది. ఏ కాలేజీ అని అడగలేదు. ఆ పని ఇప్పటికీ నా చేతిలోనే ఉంది, దేవుని దయ. పంపేముందు ఇప్పటికీ హాజరు పిలుస్తాను, నా పేరుతో సహా.

కాక పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఈ తలుపులు చూడలేదు. మీరెప్పుడైనా మా దవాఖానకు వస్తే, ఎడమ వసారాలో ఏడో తలుపు ముందు ఒక్క క్షణం ఆగండి. నీలంగా, నున్నగా ఉంటుంది. చెయ్యి వేసి పోశం కాకను తలచుకొని, ఆయన బదులుగా మెల్లగా “హాజర్” అనండి.