రెండు నీలాలు

మా అన్న ఇంటికి ఎవరొచ్చినా నాయన ఫొటో కింద అద్దాల పెట్టెలో ఉన్న చిన్న పడవను చూపిస్తాడు. చూపించి, ఎప్పుడూ ఒకటే మాట చెబుతాడు. "మా చెల్లెలు చేసింది. అంతా బాగా కుదిరింది గానీ, ఇంట్లో ప్రింటరు గదా, నీలం సరిగ్గా రాలా. పేరున్న కాడ అతుకు కనపడతాది చూడండి." వచ్చినవాళ్లు వంగి చూసి, అవును పాపం అని నా మీద జాలిపడి, కాఫీ తాగి పోతారు.

ఆ జాలి నాకక్కర్లేదు. నా ప్రింటరుకు నీలం వచ్చింది. ఒకటి కాదు, రెండు వచ్చాయి. ఆ అతుకు నేను వేసింది కాదు. అసలు పడవ మీదే ఉంది.

నేను నెల్లూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ఐదారేళ్లుగా సాయంత్రం పూట మోడళ్లు చేస్తున్నాను. రూటు బస్సులు, ధాన్యం లారీలు, ఒకసారి మా వీధి ఆటో. ఈ వయసులో బొమ్మలాటేంది అని అడిగినవాళ్లకు, మీరు ఫోనులో గోలీలు పేలుస్తారు గదా, దానికేం వయసు కావాలని అడుగుతాను. మళ్లీ అడగరు.

నాయన పోయి ఏడాది తిరగబోతుంటే అన్న ఫోను చేశాడు. సంవత్సరీకం నాటికి మన చేపల పడవకు మోడల్ చేసివ్వమన్నాడు. జువ్వలదిన్నె హార్బరు ఇంకా ఎవరి ఊహలోనూ లేని రోజుల్లో, మా ఊరి ఇసకలోనే కట్టించిన చెక్క పడవ అది. ఎప్పుడో ముక్కలై పోయింది. మిగిలింది ఒక్క కలరు ఫొటో. నీలం పడవ, పక్కన తెల్ల అక్షరాల్లో మా నాయనమ్మ పేరు.

ఆ పేరు గురించి మా ఇంట్లో పాత తగాదా ఒకటుంది. తగాదా అనడం కూడా ఎక్కువే, అమ్మది ఒంటరి మాట. "ముందు నా పేరే ఉండింది" అనేది. ఎవరూ నమ్మలేదు. నాయన వింటే బీడీ ముట్టించుకుని బయటికి పోయేవాడు. పోనుపోనూ అది ఇంట్లో వేళాకోళమైంది. కంచంలో చివరి చేప ముక్క ఎవరైనా లాక్కుంటే, "దాని మీద ముందు నా పేరే ఉండిందిలే" అనేవాళ్లు. వదిన అనేది, పిల్లలు అనేవాళ్లు. నేనూ అన్నాను. పడవ నీళ్లలోకి దిగినప్పుడు నేను ఆరో తరగతి, నెల్లూరులో హాస్టల్లో ఉన్నాను. ఇంట్లో చదువు నేర్చిన ఆడది నేనొక్కదాన్నే, చదవాల్సిన రోజు నేను లేను. దసరా సెలవులకు వచ్చేసరికి పడవ మీద నాయనమ్మ పేరే ఉంది.

ఇక డెకాల్ సంగతి, అంటే మోడల్ మీద పేరు అతికించే పొర. అన్న దాన్ని స్టిక్కర్ అంటాడు, కాదు. స్టిక్కరుకు మందం ఉంటుంది, డెకాల్‌కు ఉండకూడదు. జిగురు పూత ఉన్న ప్రత్యేకమైన కాగితం మీద అచ్చు వేసి, ఆరాక పైన పల్చగా వార్నిష్ కొట్టాలి. కొట్టకపోతే ఇంకు నీళ్లలో కరిగిపోతుంది. ఉక్కపోత రోజున కొడితే పాలు కలిసినట్టు తెల్లబారుతుంది, మన వైపు ఉక్క లేని రోజేది? తర్వాత కత్తిరించి నీళ్లలో ముంచితే, బొమ్మ ఒక్కటే ఉల్లిపొరలా కాగితం మీంచి జారి వస్తుంది. తడి ఉన్నంతసేపే దాన్ని అటూ ఇటూ జరపగలం. ఆరిందంటే కదలదు, కదిలిస్తే చిరిగిపోతుంది.

ఇంకో చిక్కు. ఇంటి ప్రింటరులో తెల్ల ఇంకు ఉండదు. తెల్ల అక్షరం కావాలంటే తెల్ల డెకాల్ కాగితం తీసుకుని, అక్షరాన్ని ఖాళీగా వదిలి, చుట్టూ ఉన్న నీలాన్ని అచ్చు వేయాలి. ఆ నీలం పడవ నీలంతో కలిసిపోవాలి. ఫొటోను స్కాన్ చేసి, ముక్కు దగ్గరి రంగు చూసి పెయింటు కలిపి పడవకు వేశాను. మూర కన్నా కాస్త పొట్టి పడవ. అక్షరాల పక్కనున్న రంగు చూసి డెకాల్ అచ్చు వేశాను. పక్కపక్కన పెడితే కలవలేదు. డెకాల్ ముదురుగా ఉంది. ఇంకు మార్చాను, కాగితం మార్చాను, ప్రింటరును తిట్టాను. నాలుగోసారీ అంతే.

అప్పుడు ఫొటోను తెర నిండా పెద్దది చేశాను. పేరు చుట్టూ పొడవాటి పట్టీ ఉంది, ముదురు నీలం. ఎడమ అంచు వంకర. కింద ఒక చోట రంగు కారి ఆగిన చార. ఒక రంగు మీద ఇంకో రంగు కొట్టారు. నాయనమ్మ పేరు మూడక్షరాలు. ఆ పట్టీ ఐదక్షరాల మేర ఉంది. మా అమ్మ పేరు ఐదక్షరాలు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒకే కాగితం మీద రెండూ అచ్చు వేశాను. పట్టీతో ఒకటి, పట్టీ లేకుండా ఒకే నీలంతో ఒకటి. రెండోది ఎందుకు వేశానంటే, నాలో కూడా పిరికిది ఒకతి ఉంది.

ముందే అతికిస్తే బస్సు కుదుపులకు డెకాల్ నిలవదని, పడవను ఒళ్లో పెట్టుకుని ఊరికి పోయి, సంవత్సరీకం ముందురోజు మధ్యాహ్నం అన్న ఇంట్లోనే అతికించడానికి కూర్చున్నాను. గాలికి ఆరిపోకుండా ఫ్యాన్ ఆపించాను. అందరికీ చెమటలు. అమ్మ గడప పక్కన చింతపండు గింజలు తీస్తోంది. పట్టీ ఉన్న డెకాల్‌ను పడవ మీదికి జార్చి కుంచెతో సర్దుతుంటే అన్న వంగాడు.

"ఏందిమే ఇది? పేరు కాడ మబ్బు పట్టినట్టుండాది."

"ఫొటోలో ఎట్టుండాదో అట్టే ఉండాది."

"ఫొటో పాతది. రంగు పోయుంటాది."

"పోతే అంతా పోతాదన్నా. పేరు కాడ మాత్రం కొలత పెట్టి పోదు."

వదిన నవ్వింది. "మీ చెల్లెలితో గెలవాలంటే కోర్టుకు పోవాల. ఆడా ఆమే గెలుస్తాది."

అన్న నవ్వలేదు. కాగితం మీద మిగిలిన రెండో డెకాల్ వైపు చెయ్యి చాపాడు. "ఇంకోటి ఉండాది గదా. దీన్ని తీసేసి అది ఎయ్యి. రేపు నలుగురూ వస్తారు."

"ఏస్తా. ఒక్క మాట చెప్పు. ఈ రంగు కింద ఏం పేరుండింది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి రంగెందుకు కొట్టినారు?"

"పాత పడవేమో. అమ్మినోళ్ల పేరు చెరిపించుంటాడు నాయన."

"పాత పడవా? చెక్క తెప్పించి ఈ ఇసకలోనే కట్టించినాడని వచ్చినోళ్లందరికీ చెప్పేది నువ్వే గదా!"

వదిన నవ్వు ఆగిపోయింది. నా చేతి కింద డెకాల్ అంచులు బిగుస్తున్నాయి, తడి కుంచెతో తాకుతూ ఉన్నాను. గెలిచాననే అనుకున్నాను. అదే ఊపులో అమ్మ వైపు తిరిగాను. "నువ్వు చెప్పు మా. నీ పేరే గదా ఉండింది?"

అమ్మ చింతపండు చేతులతోనే లేచి వచ్చింది. పడవను చూసింది. ముదురు పట్టీ మీదికి వేలు తెచ్చింది. తాకితే జారిపోతుందని, "ముట్టుకోవద్దు మా!" అని అరిచాను. వేలు వెనక్కి తీసుకుంది.

"నాకు చదువొస్తాదా మే చెప్పేదానికి?" అంది. "మీ నాయన నా ఏలు పట్టుకుని దిద్దించినాడు, ఇది నీ పేరు అని. పెయింటు ఆరలా. ఏలికి తెలుపంటింది, కొంగుకు తుడుచుకున్నా. నాలుగు నాళ్లకు పోయి చూస్తే అక్షరాలు తక్కువుండాయి. అడిగితే మీ నాయనమ్మ పేరన్నారు."

తర్వాత అన్న వైపు చూసింది. "నువ్వు ఆడనే ఉండావు గదరా. పది దాకా చదివినోడివి. అది నా పేరే గదా?"

ఇన్నేళ్లలో అమ్మ ఆ మాటను ప్రశ్నగా అడగడం అదే మొదలు.

అన్న పడవ వైపు చూశాడు. తర్వాత లేచి, "ఉక్కగా ఉండాది" అని ఫ్యాన్ స్విచ్ వేసి బయటికి పోయాడు. గాలికి డెకాల్ క్షణాల్లో ఆరి బిగుసుకుంది. ఇక తీయడానికి లేదు. రెండు నీలాలతోనే అది మర్నాడు నాయన ఫొటో కిందికి చేరింది.

ఆ రోజు నుంచి అమ్మ ఆ మాట అనడం మానేసింది. ఒకసారి వదిన అలవాటుగా చేప ముక్క దగ్గర వేళాకోళం మొదలుపెట్టి సగంలో ఆపేసింది. అమ్మకు ఇన్నేళ్లూ ఉన్నది నాయన మాట ఒక్కటే. దానికి రుజువు తెస్తానని పోయి, ఆ మాట మీదే ఆమెకు అనుమానం తెచ్చాను. ఊళ్లో అడగడానికీ ఎవరూ మిగల్లేదు, ఆ పేరు రాసిన పెయింటరు కూడా పోయి చాలా కాలమైంది.

అన్న ఎందుకు చెప్పడో నేను అటూ ఇటూ వాదించుకున్నాను. అది అమ్మ పేరే అంటే, నాయన తన తల్లికి భయపడి పెళ్లాం పేరు చెరిపించాడని ఒప్పుకోవాలి. కాదంటే, చదువు రాని మనిషి వేలు పట్టుకుని నాయన అబద్ధం దిద్దించాడని ఒప్పుకోవాలి. రెండూ చేదే. కానీ నాయన పోయాడు, అమ్మ ఉంది. అన్నా, ఆమె అడిగింది, నువ్వు ఫ్యాన్ వేశావు.

నా ప్రింటరును ఎంతమంది ముందైనా తిట్టుకో అన్నా, పడతాను. పెయింటు ఆరకముందు ఆ పడవ పక్కన నిలబడి నువ్వు చదివిన ఐదక్షరాలు ఏవి?