తీసే టైమ్ కోసం ఆగిన మా సరోజక్క

నిన్న పొద్దున కామారెడ్డి బస్టాండ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది.

"సరోజక్క లేదు. గుండెపోటు."

"ఏ సరోజక్క?" అన్నాను. తెలిసే అడిగాను.

ఎల్లారెడ్డి బస్సు కండక్టర్ సరోజక్క. టీచర్‌గా స్కూల్‌కి రోజూ అదే బస్సులో వెళ్లే నాకు సొంత అక్క కంటే ఎక్కువ.

టికెట్ ఇస్తూనే కూపీ లాగేది. సంచిలో ఏముందో చెప్పందే దిగనిచ్చేది కాదు.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక అక్కకు ఇంప్లాంట్ పెట్టారు. పైన ఫోమ్ పొర ఉండే రకం. ఇది రాశానని ఎవరూ మొహం చిట్లించకండి. బస్సంతా చెప్పింది తనే.

అది కాస్త పైకి, చంక వైపు కుదురుకుంది. కుడి చెయ్యి లేవదు. బస్సులో పై కమ్మీ పట్టుకోలేకపోతే డ్యూటీ ఎలా? డిపోలో కూర్చోబెడతామన్నారు. బస్సు వదలడమంటే అక్కకు ప్రాణం ఒప్పలేదు.

బస్సులో అందరూ డాక్టర్లే. కాలులో రాడ్ తీయించుకున్న ఒక బాపు అయితే, "నాది తీసిండ్రు గద బిడ్డా. గట్ల పొయ్యి గిట్ల వస్తవ్" అన్నాడు.

హైదరాబాద్‌కు తోడుగా నేనే వెళ్లాను.

"సారూ, రేపే తీస్తరా?"

డాక్టర్ నవ్వాడు. పెట్టిన కొత్తలో అయితే సర్దేవాళ్లమన్నాడు. ఇప్పుడు కండ ఫోమ్‌లోకి అల్లుకుపోయిందట. లాగితే రక్తం పోతుంది, ముక్కలు లోపలే ఉండిపోతాయి. చుట్టూ ఒళ్లు కట్టుకునే పొర బాగా గట్టిపడ్డాక, ఆ పొరతో సహా తీసి కొత్తది పెడతామన్నాడు.

"అంటే పుండు మీద పక్కు లెక్క. పచ్చిగున్నప్పుడు గీకితే రక్తమొస్తది, ఎండినంక అదే ఊడుతది. గంతేనా?"

"దాదాపు అంతేనమ్మా."

"మరి ఎండిందని మీకెట్ల తెలుస్తది?"

బయట పేషెంట్లు తలుపు తోసి తొంగి చూస్తున్నారు. అక్కకేం పట్టింది!

ఆగింది. నొప్పితో, ఎడమ చేత్తో టికెట్లు కొడుతూ ఆగింది. "ఇంకెన్ని రోజులే" అని ఒకసారి నా భుజం మీద ఏడ్చింది కూడా.

ఆపరేషన్ అయ్యి మత్తు దిగగానే, "నాది నాకు చూపియ్యుండ్రి" అంది. నర్సు ట్రేలో తెచ్చింది. అక్క తలెత్తి కళ్లు చిన్నవి చేసి చూసింది.

"ఒక్క ముక్క గిట్ల లోపల ఉన్నదా?"

లేదన్నాకే తల వాల్చింది.

మళ్లీ డ్యూటీ ఎక్కిన రోజు కుడి చెయ్యి మెల్లగా లేపి కమ్మీ పట్టుకుంది. బస్సంతా చప్పట్లు. నేను ఏడ్చేశాను.

"ఏందే, నొప్పి నాకా నీకా?" అంది.

అంత ఓర్చుకుని గెలిచిన మనిషి ఇలా ఎందుకు పోయిందో నాకు అర్థం కావడం లేదు. అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

నువ్వు పోయిన చోట ఊరుకోవు కదా అక్కా. గట్టిగా అడుగు. జవాబు దొరికాకే హాయిగా కళ్లు మూసుకో.