చంపా కూతురి నూగు, నేను వెయ్యని కత్తి

కరోనా గోల సద్దుమణిగిన మరుసటి ఏడు, కాఫీ పండ్లు ఎర్రబడే రోజులు. అరకులో సంతకు పోయే దారిలో నా సెలూన్. కుర్చీ ఒకటి, అద్దం ఒకటి, కూర్చునేవాళ్ళకి బల్ల ఒకటి. ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అప్పట్నుంచి ఎంత చదువుకున్నవాళ్ళయినా నా ముందు తల వంచాల్సిందే కాబట్టి, నాకా దిగులు లేదు.

ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సింది వాలు. వెంట్రుక చర్మం మీద ఏ వైపుకి పడుకుని ఉంటుందో అది వాలు. ముందు వాలుకి గీయాలి, ఆ తర్వాతే ఎదురుకి. ఇది తెలియనివాడి చేతిలో పడ్డ గడ్డం మర్నాటికి దద్దుర్లెక్కుతుంది.

ఒక సంత రోజు విశాఖపట్నం రైలు దిగి ఒక జంట వచ్చారు. ప్రకాశరావు గారు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. భార్య సుభద్ర గారు చెప్పేదీ అదే పాఠం. ఆయన కుర్చీలో, ఆవిడ బల్ల మీద కూర్చున్నారు. వాదన రైల్లోనే మొదలైనట్టుంది, సొరంగాల చీకట్లో కూడా ఆగి ఉండదు.

“మనిషి పూర్వీకులు కొంతకాలం నీళ్ళలో బతికారు. అందుకే ఒంటి మీద బొచ్చు పోయి, చర్మం కింద కొవ్వు చేరింది. తిమింగలాన్ని చూడు,” అన్నారాయన.

“నీటికుక్కని నేను చూస్తా, దానికి ఒళ్ళంతా బొచ్చే. ఏనుగుకి లేదు, అదేమైనా సముద్రంలో ఉంటోందా? ఎండలో తిరిగి, చెమట ఆరడానికి బొచ్చు తగ్గిందంటారు ఎక్కువమంది. మీ మాటకి ఒక్క ఎముకైనా సాక్ష్యం ఉందా?”

“ఎముకల మీద బొచ్చు మిగలదు సుభద్రా.”

ఆయన అద్దంలోంచి నన్ను పట్టుకున్నారు. “ఒంటి మీద వెంట్రుకల వాలు కూడా, ఈదేవాడి మీంచి నీళ్ళు జారే వైపుకే ఉంటుందని ఒక వాదన. ఇది నీ సబ్జెక్టే కదా, ఏమంటావు?”

ఆయన మెడ వంచి, వెనక వెంట్రుకలు చూశాను. “కుడివైపువి ఎడమకి, ఎడమవైపువి కుడికి తిరిగున్నాయి సార్. మీ పెద్దలు ఈదుతూ ఈదుతూ సుడిగుండంలో చిక్కుకున్నట్టున్నారు.”

ఆవిడ పకపకా నవ్వారు. ఆయన కూడా నవ్వి తల కదిపేశారు. చెవి తెగకుండా ట్రిమ్మర్ చటుక్కున పైకెత్తాను.

అప్పుడే సోమన్న గుమ్మంలోకి వచ్చాడు. పెదబయలు వైపు కొండ ఊరు, నాకు పాత గిరాకీ. వెనకాల అతని భార్య చంపా, ఆమె గుడ్డలో పసిపిల్ల.

“అన్నా, బేగి ఒక పని సెయ్యాల. గుంటకి ఒళ్ళంతా గీసియ్యి.”

గుడ్డ తీసి చూస్తే పిల్ల భుజాల మీద, వీపు మీద, చెవుల అంచుల దాకా నల్లటి నూగు. పిండి పెట్టి రుద్దీ రుద్దీ చర్మం కందిపోయి ఉంది.

“రేపు పేరెడతారు. సుట్టాలంతా వత్తారు. మాయమ్మ ఊరుకుంటం లేదు,” అన్నాడు సోమన్న.

చంపా తలెత్తలేదు. “కడుపుతో అడివికెల్లి ఎలుగుని సూసినావు, అందుకే ఎలుగుపిల్లని కన్నావు అంతంది అత్త. పేరు కూడా అదే ఎట్టీమంతంది.”

ఎన్నో పుట్టువెంట్రుకలు తీసినవాణ్ణి, కానీ కందిన ఆ చర్మం మీద కత్తి ఆనితే చాలు, తెగుతుంది. పోనీ కాదందామంటే, సోమన్న ఇంటికెళ్ళి తన బ్లేడుతో తనే గీసేసేలా ఉన్నాడు.

“వద్దు!” కుర్చీలోంచి, బల్ల మీంచి ఒకేసారి వచ్చింది. రైలెక్కినప్పట్నుంచి వాళ్ళిద్దరికీ కలిసిన మొదటి మాట అదే అయ్యుండాలి.

సగం కట్టింగ్‌తో, మెడకి గుడ్డతోనే ప్రకాశరావు గారు లేచారు. “తల్లి కడుపులో ప్రతి బిడ్డకీ ఈ నూగు వస్తుందయ్యా. చాలామందికి పుట్టేలోపే రాలిపోతుంది. కొందరికి పుట్టాక కొన్ని వారాలు పడుతుంది. దానంతటదే పోతుంది.”

నా నోరు ఊరుకోదు కదా. “కడుపులో బిడ్డ ఉండేది నీళ్ళలోనే కదా సార్? నీళ్ళలో బొచ్చు వస్తోందా, పోతోందా?”

“రెండూ,” అన్నారాయన.

“అందుకే దాంతో ఏదీ రుజువు కాదు,” అన్నారావిడ. ఆయన తలూపారు. అది రెండో మాట.

సోమన్న మొహం మాత్రం మారలేదు. ఇదంతా వాళ్ళమ్మకి ఎవరు చెప్పాలి? సుభద్ర గారు బల్ల మీద జరిగి చంపాని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“నా కూతురూ ఇలాగే పుట్టిందమ్మా. నువ్వు సింహాచలం మెట్ల మీద కోతిని చూసుంటావు అన్నారు మా అత్తగారు.”

“మా అమ్మ అలా అందా?” ప్రకాశరావు గారు గబుక్కున ఇటు తిరిగారు.

“అంది. మీరప్పుడు పక్కగదిలో కోతుల గురించే చదువుకుంటున్నారు.”

చంపా నవ్వింది. “మరి పోయిందా అమ్మా?”

“ఎప్పుడో! ఇప్పుడు కనుబొమ్మలు ఒత్తుగా లేవని ఏడుస్తోంది.” ఫోన్‌లో కూతురి ఫొటో చూపించారు. “పిండి రుద్దడం ఆపెయ్. చర్మం కందింది, వెళ్ళేటప్పుడు ఆసుపత్రిలో చూపించు.”

సోమన్న గడ్డం గోక్కున్నాడు. “అమ్మ అడిగితే ఏటి సెప్పాల?”

“సెలూనోడు సెయ్యనన్నాడని చెప్పు. మీయమ్మ నన్ను తిట్టుకుంటుంది, నాకేం అరిగిపోదు.”

మిగతా సగం కట్టింగ్ అయ్యాక ఆ జంట నీటికుక్క దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టుకుంటూ వెళ్ళారు. లక్షల ఏళ్ళ కింద మనిషి బొచ్చు ఎందుకు పోయిందో వాళ్ళకి తేలలేదు, నాకూ తేలలేదు. ఈ పిల్లది మాత్రం కొన్ని వారాల్లో పోతుందని ఇద్దరికీ తెలుసు. చంపాకి ఆ రోజు కావాల్సింది అంతే.

పేరు పెట్టిన రోజు చంపా తనే గుడ్డ తీసి చుట్టాలందరికీ పిల్లని చూపించిందట. “లెక్చరరమ్మ కూతురు కూడా ఇలాగే పుట్టిందంట,” అని చెప్పిందట. తర్వాతి సంతలో సోమన్న చెప్పాడు.

ఇంకొన్ని సంతలు గడిచాక సోమన్న వాళ్ళమ్మే పిల్లని భుజాన వేసుకొచ్చి నా కుర్చీ ముందు నిలబడింది.

“సూడు, నా మనవరాలు ఎంత నున్నగుందో. ఎలుగంట! ఎవులన్నారో గానీ, ఆల నోరు పడిపోనూ!”

నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు కత్తి పక్కన పెట్టడం ఇంతకన్నా తేలిక. గీసెయ్యమని ఎవరైనా కంగారుగా వస్తే ఇప్పుడు నేను ముందు బల్ల చూపిస్తాను. కాసేపు కూర్చోమంటాను.