కుడి చెవిలో ఈరమ్మ గొంతు

2018 వానాకాలం నాటి సంగతి. నల్గొండలో గడియారం సెంటర్‌కు రెండు సందుల అవతల నా దుకాణం. మైకులు, మిక్సర్లు, ఆంప్లిఫయర్లు, హెడ్‌ఫోన్లు అమ్ముతాను. దుకాణం పెట్టకముందు పదేళ్లు సౌండ్ సర్వీస్ నడిపాను. పెళ్లికైనా, దినాలకైనా, మీటింగుకైనా బాక్సులు మోసుకెళ్లి కట్టి వచ్చేవాణ్ని. అందుకని సౌండు విషయంలో నాకు తెలియనిది లేదని ఒక గర్వం ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

హెడ్‌ఫోన్ల కోసం వచ్చేవాళ్లు దుకాణంలో అడుగు పెడుతూనే "బాస్ ఎట్ల కొడతది?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. సంగీతమంటే గుండెల మీద గుద్దడం ఒక్కటేనా? దావీదు ఆ ప్రశ్న అడగలేదు. మాట సాఫ్‌గా వినపడాలని, ఎంతసేపు పెట్టుకున్నా చెవులు గుంజకూడదని, ఈ రెండే అడిగాడు. అందుకే వచ్చిన ఐదు నిమిషాల్లోనే నాకు నచ్చాడు.

అతనిది తిరుమలగిరి దగ్గర ఒక ఊరు. నలభై ఏళ్లుంటాయి. పశువుల దవాఖానలో అటెండరు. ఇంట్లో ఒక గదికి నాలుగు గోడలా పాత బొంతలు కట్టి, అందులో కంప్యూటరూ మైకూ పెట్టుకుని పాటలు తయారు చేస్తాడు. ఎక్కువగా యాది పాటలు. మనిషి పోయినప్పుడు దినాల నాటికి ఆ మనిషి పేరు మీద ఒక పాట కట్టించి, టెంటు కింద చుట్టపక్కాలందరి ముందు వినిపించడం ఇప్పుడు మా దిక్కున ఆనవాయితీ అయింది. పేరు పెట్టి పిలుస్తూ, చేసిన పనులు చెప్పుకుంటూ సాగుతుంది పాట. దావీదు రాస్తాడు, అతని భార్య మరియమ్మ పాడుతుంది. అప్పటిదాకా చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లతోనే పని నడిపాడు. రెండు గంటలు దాటితే చెవులు పోటెత్తుతున్నాయని పెద్ద హెడ్‌ఫోన్ కొనడానికి వచ్చాడు.

పెద్దవాటిని మేము ఓవర్ ఇయర్ అంటాము. చెవిని పూర్తిగా కప్పి, బరువు తల మీద వేస్తాయి. వాటిలో రెండు రకాలు. క్లోజ్డ్ బ్యాక్ అంటే బయటి వైపు మూసి ఉంటుంది. లోపలి చప్పుడు బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. పాడేవాళ్లు మైకు ముందు పెట్టుకోవడానికి అదే మంచిది. ఓపెన్ బ్యాక్‌కు బయటి వైపు జాలీ ఉంటుంది. గాలి ఆడుతుంది, చెవికి ఉక్కపోయదు, పాట తల లోపల కాకుండా చుట్టూ ఉన్నట్టు వినిపిస్తుంది. మిక్సింగ్‌కు, అంటే గొంతులనూ వాద్యాలనూ పాళ్లు చూసి కలిపే పనికి, అదే బాగుంటుంది. దావీదు కళ్లజోడు మనిషి. మెత్తలు గట్టిగా ఉంటే కళ్లజోడు కాడలు కణతలకు ఒత్తుకుంటాయి. అది కూడా చూసి, మఖ్మల్ మెత్తల ఓపెన్ బ్యాక్ ఒకటి తీశాను. దాని ఓమ్స్ ఎక్కువ. ఓమ్స్ ఎక్కువంటే ఫోనుకు తగిలిస్తే గొంతు పీలగా వస్తుంది, మధ్యలో చిన్న ఆంప్లిఫయర్ కావాలి. అదీ ఇచ్చాను.

ఇక నా డెమో. దాని కోసం నేను దాచుకున్న రికార్డు ఒకటుంది. డప్పు ఎడమ చెవిలో మొదలై, తల చుట్టూ తిరిగి, కుడి చెవిలోకి వచ్చి ఆగుతుంది. విన్నవాడు కొనకుండా వెళ్లిన రోజు లేదు. దావీదు కళ్లు మూసుకుని విన్నాడు. మనుషులు నిజంగా ఎదురుగా కూర్చున్నట్టే ఉందన్నాడు. నేను ఉబ్బిపోయాను. నా నోరు ఊరికే ఉంటుందా?

"ఎవల్ని యాడ కూసోవెట్టాల్నో ఇగ నీ చేతుల ఉన్నది తమ్మీ. ఫికర్ చెయ్యకు" అన్నాను.

గొంతును ఎడమకో కుడికో జరపడాన్ని ప్యానింగ్ అంటారు. కంప్యూటర్‌లో ఒక చిన్న మీట తిప్పితే చాలు. ఎట్లా చేయాలో కూడా నేనే చూపించాను. సంతోషంగా తీసుకుని పోయాడు.

మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాడు. హెడ్‌ఫోన్‌ను దాని పెట్టెలోనే పెట్టి, పైన తువాల చుట్టి, కౌంటరు మీద ఉంచాడు.

"వాపస్ తీస్కో భాయ్. ఇది అబద్ధం జెప్తాంది" అన్నాడు.

నాకు చురుక్కుమంది. నా సరుకును అంత మాట ఎవరూ అనలేదు. ఒక పక్క స్పీకరు చచ్చిపోయి ఉంటుందనుకుని, తగిలించి విన్నాను. తీగ గుంజి చూశాను, అటూ ఇటూ తిప్పి చూశాను. రెండు పక్కలా శుభ్రంగా పలుకుతోంది. ఏ రోగమూ లేదన్నాను. దావీదు స్టూలు మీద కూర్చుని జరిగింది చెప్పాడు.

వాళ్ల ఊళ్లో మల్లేశ్ అని ట్రాక్టరు నడిపే మనిషి గుండెపోటుతో పోయాడు. ముప్పై అయిదేళ్లు కూడా నిండలేదు. తల్లి ఈరమ్మ, భార్య స్వరూప, ఇద్దరు పిల్లలు. యాది పాట స్వరూప తమ్ముడు చేయించాడు. కొత్త హెడ్‌ఫోన్ వచ్చిన హుషారులో దావీదుకు ఒక ఆలోచన పుట్టింది. పాటంతా మరియమ్మ పాడితే, నడుమ నాలుగు మాటలు తల్లి గొంతుతో, నాలుగు మాటలు భార్య గొంతుతో పెడదామనుకున్నాడు. మైకు తీసుకుని వాళ్లింటికే వెళ్లి ఇద్దరి గొంతులూ రికార్డు చేశాడు. ఈరమ్మ మొదట వద్దన్నదట. తర్వాత ఒప్పుకుని, "కొడుకా మల్లేశా" అని మొదలుపెట్టి, ఆపకుండా చెప్పుకుంటూ పోయిందట.

దినాల నాడు ఈరమ్మ టెంటులో అందరికంటే ముందు కూర్చుంది. పాట మొదలైంది. మరియమ్మ గొంతు వచ్చింది, స్వరూప గొంతు వచ్చింది. తల్లి మాటలు రావలసిన చోట ఉత్త తాళం మోగింది. రెండోసారి వేశారు. రెండోసారీ అంతే. కోడలూ కోడలి తమ్ముడూ కలిసి తన గొంతు తీసేయించారని ఈరమ్మ మనసులో పడిపోయింది. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. ఆ సాయంత్రమే బట్టలు మూటగట్టుకుని పానగల్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది. స్వరూప పిల్లల మీద ఒట్టు పెట్టి, నాకేమీ తెలియదత్తా అని ఫోనులో మొత్తుకున్నా నమ్మలేదు.

"ఇంట్ల ఇది పెట్టుకొని ఇంటే ముసలామె గొంతు ఉన్నది. టెంట్ల లేదు. మొగుడు పోయిన పిల్ల, అత్త గూడ పోయింది. నా మూలంగనే గద భాయ్" అన్నాడు దావీదు.

ఆ గొంతు టెంటులో ఎవరికైనా వినపడిందా అని అడిగాను. ఎవరికీ వినపడలేదన్నాడు. వంటల దగ్గర పనిచేసే ఆడమనిషి మాత్రం విచిత్రంగా అడిగిందన్నాడు. పాటలో తల్లి ఒక్కతే పాడిందేమిటి, పెళ్లాం చేత పాడించలేదా అని.

ఆ మాట వినగానే నాకు సంగతి మొత్తం అర్థమైపోయింది.

మా దగ్గర దినాలకు బాక్సులు కట్టే పద్ధతి ఒకటుంది. సాధారణంగా రెండు బాక్సులే తెస్తారు. ఒకటి టెంటులో పెడతారు. రెండోది ఇంటి వెనుక వంటల దగ్గర, భోజనాల బంతులు కూర్చునే దగ్గర పెడతారు, అక్కడివాళ్లకూ వినపడాలని. ఎడమ వైరు ఒకదానికి, కుడి వైరు ఇంకోదానికి. మామూలు పాటల్లో అసలు గొంతు నడిమిట్ల ఉంటుంది, అంటే రెండు వైర్లలోనూ సమానంగా పోతుంది. కాబట్టి తేడా ఎవరికీ తెలియదు. దావీదు కోడలిని పూర్తిగా ఎడమ చెవిలో, అత్తను పూర్తిగా కుడి చెవిలో కూర్చోబెట్టాడు. హెడ్‌ఫోన్‌లో వింటే పీనుగకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఏడుస్తున్నట్టే ఉంటుంది. టెంటులోకి ఎడమ వైరు వచ్చింది. ఈరమ్మ గొంతు పోయి గంజు గిన్నెల దగ్గర వినపడింది.

పదేళ్లు బాక్సులు కట్టినవాణ్ని. నా చేతులతో నేను ఎన్ని వందలసార్లు అట్లా వైర్లు విడదీసి కట్టానో. యాది పాట టెంటులో వేస్తారని దావీదు మొదటి రోజే చెప్పాడు. అయినా నాకు తట్టలేదు, ఎందుకంటే నేను నా డెమో మత్తులో ఉన్నాను. సౌండ్ సర్వీసువాడి మీదికి తోసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, దాచడమెందుకు? కానీ దావీదు ముఖం చూస్తే నోరు రాలేదు. తప్పు హెడ్‌ఫోన్‌ది కాదు, నీది కాదు, నాది అని చెప్పేశాను. అతను కోపగించుకుంటే బాగుండేది. కోపగించుకోలేదు.

"ఈ ముచ్చట ఈరమ్మకు ఎవలు జెప్పాలె?" అని మాత్రం అడిగాడు.

దుకాణం షట్టరు దించి, అదే హెడ్‌ఫోన్, ఆంప్లిఫయర్, పాట ఎక్కించిన ఫోను సంచీలో వేసుకుని ఇద్దరం స్కూటరు మీద పానగల్ వెళ్లాము. ఈరమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. దావీదును చూసి తల పక్కకు తిప్పుకుంది. నేను ఎవరినో చెప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడి, ఎడమ వైరు, కుడి వైరు అని మొదలుపెట్టాను.

"వైర్ల ముచ్చట నాకెందుకు సాయిబూ? నా గొంతు లేకపాయె. గంతే" అంది.

ఇక మాటలతో కాదనుకుని, హెడ్‌ఫోన్ ఇచ్చి తల్లి తల మీద పెట్టమని బిడ్డకు సైగ చేశాను. సౌండు బాగా తగ్గించి పాట వేశాను. మాకు సన్నగా బయటికి వినపడుతోంది, ఓపెన్ బ్యాక్ కదా. ఎడమ వైపు కోడలి గొంతు వచ్చినప్పుడు ఆమె ముఖం బిగుసుకుంది. కాసేపటికి ఆమె కుడి చెయ్యి లేచి కుడి చెవి మీద ఆనింది. తన గొంతు వచ్చింది. చెయ్యి అట్లాగే ఉంచి, పెదవులు కదుపుతూ చివరిదాకా విన్నది. మళ్లీ వేయమంది. మూడుసార్లు వేశాను. మూడోసారి ఎడమ చెయ్యి కూడా లేపి రెండు చెవులూ పట్టుకుంది. దావీదు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకూ కళ్లు నిండాయి, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని, దావీదును పిలిచింది.

"గీ చెవుల నేను, గా చెవుల కోడలు. గిట్ల చెరో దిక్కు ఎందుకు కూసోవెట్టినవ్ బిడ్డా? వాడు పోయిన దినం అది నా ఒళ్లె తలవెట్టుకొని ఏడ్సింది. ఇద్దరం ఒక్కకాడనే ఉంటిమి."

నేను తీగ చుట్టి ఆంప్లిఫయర్ సంచీలో పెట్టాను. వైర్ల గురించి నేను చెప్పాలనుకున్నదంతా నాకే వెగటనిపించింది. ఆ పూట అన్నం తిని, మధ్యాహ్నం బస్సుకు దావీదుతోపాటే ఆమె ఊరికి వెళ్లిపోయింది. బియ్యం బిడ్డ ఏరుకుంది.

ఆ హెడ్‌ఫోన్ దావీదు దగ్గరే ఉంది, దానితోనే పని చేస్తున్నాడు. ఇంట్లో హాయిగా పాట వినడానికి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను అదే రకం చూపిస్తాను. నా పద్ధతి మాత్రం మారింది. పాటలు తయారు చేసేవాళ్లు వస్తే పెట్టె విప్పకముందే ఎవరు వింటారు, ఎక్కడ వింటారు, ఎన్ని బాక్సుల్లో వింటారు అని అడుగుతాను. మోనో మీట చూపిస్తాను. ఎడమా కుడీ కలిపి ఒక్కటే చేసి వినిపించే మీట అది. పాట పూర్తయ్యాక ఒక్కో చెవినే విడిగా విని ఎవరి గొంతైనా పోయిందేమో చూసుకోమని, టెంటుకిచ్చే పాటను అది నొక్కే తయారు చేయమని చెబుతాను. డప్పు తల చుట్టూ తిరిగే రికార్డును తీసేశాను. కొంతమంది విసుక్కుంటారు, హెడ్‌ఫోన్ కొనడానికి వస్తే పోలీసు స్టేషన్లో అడిగినట్టు అడుగుతావేంది భాయ్ అని. అననీ.

దావీదు ఆ పాటను మళ్లీ కలిపాడు. అత్తనూ కోడలినీ ఇద్దరినీ నడిమిట్లోకి తెచ్చి, ఇద్దరి మాటలూ ఒకేసారి వచ్చేట్టు పెట్టాడు. మా పనిలో అది తప్పు కింద లెక్క. రెండు గొంతులు ఒకే చోట పెడితే ఒకదాని మీద ఒకటి పడి మాట స్పష్టత పోతుంది. చెబుదామనుకుని ఊరుకున్నాను. ఏడాది మాసికానికి నన్నూ పిలిచారు. టెంటులో బాక్సు పక్కనే కూర్చున్నాను. అత్తాకోడళ్లు ఒకే చాప మీద కూర్చుని విన్నారు. ఇన్నేళ్లు చెవులు అమ్ముకుని బతికినవాణ్ని, ఏ మాట ఎవరి గొంతో నాకు తేల్చుకోవడం సాధ్యం కాలేదు. వాళ్లిద్దరూ అసలు తేల్చుకునే ప్రయత్నమే చేయలేదు.